బి. గార్డెన్‌కి ఎవరిని తీసుకెళ్లాలి

కొత్తగా మనసు కలిసిన మనిషిని మనకు ప్రాణమైన చోటుకి తీసుకెళ్లాలా వద్దా అన్నది పైకి చిన్న ప్రశ్నే. ఆదివారం ఎటు పోదాం అన్నంత తేలిగ్గా తేలిపోవాలి. సినిమాకో హోటలుకో అయితే ఎవరూ రెండోసారి ఆలోచించరు. అదే ఒంటరిగా కూర్చునే రేవు మెట్లకో, చిన్నప్పటి చెరువు గట్టుకో అనేసరికి కాలు వెనక్కి లాగుతుంది. ఆ వెనకాడటంలో ఎంత వివేకం ఉంది, ఎంత భయం ఉంది అన్నది తేలాలంటే ఎదురుగా ఒక నిజమైన చోటు ఉండాలి. హౌరాలో, శిబ్‌పూర్ దగ్గర హుగ్లీ ఒడ్డున, 1787లో ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి రాబర్ట్ కిడ్ మొదలుపెట్టిన బొటానికల్ గార్డెన్‌ని తీసుకుందాం. 2009 నుంచి దానికి ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరు పెట్టారు కాని, బస్సుల మీద ఇప్పటికీ బి. గార్డెనే. సుమారు 270 ఎకరాలు. తెలుగువాళ్లకు మరీ పరాయి చోటేం కాదు. 1793లో దాని బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు సామర్లకోటలో మొక్కలు పెంచినవాడు. ఆయన పుస్తకాల్లో మొక్కల పక్కన తెలుగు పేర్లు కనిపిస్తాయి. రైల్వే ఉద్యోగాల వెంట శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి హౌరాలో, ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ కుటుంబాలూ ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి వదినా మరదళ్లను వాదం కోసం ఊహించుకున్నాను. మరదలు సైకాలజీ విద్యార్థిని, గార్డెన్ అంటే ప్రాణం. వదిన సంస్కృత నాటకాలు తెలుగులో చదువుకున్న మనిషి. తీసుకెళ్తే తప్పేంటంటుంది మరదలు, వద్దంటుంది వదిన. నా మొగ్గు దాచుకోను, అది మరదలి వైపే. కాని ఈ వాదంలో అసలైన మాట అనేది మాత్రం వదినే.

వదిన: నువ్వు ఒక మనిషిని ఒక పూటకి తీసుకెళ్తావమ్మా. రేపు ఆ మనిషి వెళ్లిపోవచ్చు. ఆ పూట మాత్రం అక్కడే ఉండిపోతుంది. అదీ నా భయం. భవభూతి ఉత్తరరామచరితంలో మూడో అంకం గుర్తుతెచ్చుకో. పన్నెండేళ్ల తర్వాత రాముడు పంచవటికి వస్తాడు. అయోధ్యలో అన్నేళ్లూ దుఃఖాన్ని పళ్లబిగువున ఆపుకున్నవాడే. గోదావరి గట్టు కనపడేసరికి మూర్ఛపోయాడు. వనదేవత వాసంతి, ఇదిగో సీత పెంచిన నెమలి, ఇదిగో మీరిద్దరూ కూర్చున్న చోటు అని ఒక్కొక్కటే చూపిస్తుంటే మళ్లీ మళ్లీ కూలిపోయాడు. రాజభవనంలో ఏ గదీ చెయ్యని పని ఆ గట్టు చేసింది. మీ చదువులోనూ ఇదే ఉందన్నావు కదా మొన్న. 1975లో గాడెన్, బాడెలీ అనేవాళ్లు సముద్రంలో మునిగే డైవర్లకు మాటల జాబితాలిచ్చి చూస్తే, నీళ్లలో నేర్చుకున్నవి నీళ్లలో, గట్టున నేర్చుకున్నవి గట్టున బాగా గుర్తొచ్చాయని. రేపు ఆ అబ్బాయి వెళ్లిపోతే మనిషి పోయిన బాధ ఒక్కటే ఉండదు నీకు. మనసు బాగాలేనప్పుడు వెళ్లి కూర్చోడానికి ఉన్న ఆ ఒక్క చోటూ అతనితో పాటే పోతుంది.

మరదలు: ఆ డైవర్ల ప్రయోగాన్ని నెదర్లాండ్స్‌లో మళ్లీ చేసి చూస్తే ఆ తేడా కనపడలేదని 2021లో ప్రచురించారు, వదినా. చోటుకీ జ్ఞాపకానికీ సంబంధమే లేదని నేననను. పాత వీధిలో అడుగుపెడితే పాతవి గుర్తురావడం అందరికీ తెలిసిందే. ఆ ముడి ఎంత గట్టిదన్నదే తేలాలి. ఒకే ఆనవాలుకి ఎన్ని ఎక్కువ జ్ఞాపకాలు తగిలిస్తే, వాటిలో ఏ ఒక్కదాన్నీ అది అంత బలంగా లేపలేదని కూడా మా పాఠాల్లో ఉంది. రాముడు ఆ పన్నెండేళ్లలో పంచవటి మొహం చూడలేదు. అందుకే అక్కడ సీత తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఏడాదికి నాలుగుసార్లు వెళ్లే చోటు సంగతి వేరు. బడి పిక్నిక్కులూ, నాన్న వెంట వెళ్లినప్పుడు తిన్న పులిహోరా, పరీక్ష తప్పిన రోజు ఏడుపూ అన్నీ అక్కడే ఉంటాయి. వాటి మధ్య కొత్తవాడి పూట కూడా ఒకటవుతుంది. వాటన్నిటినీ తోసేసి అదొక్కటే ఉండటం కష్టం. పైగా నాటకం సగమే చెప్పావు. మూర్ఛపోయినవాడు తేరుకున్నదీ అక్కడే, కంటికి కనపడని సీత చెయ్యి తగిలి. అయోధ్యలో అయితే ఏడవడానికైనా వీల్లేకపోయింది పాపం.

ఇక్కడ నేనొక మాట కలుపుకోవాలి, గార్డెన్‌లోని పెద్ద మర్రి సాక్ష్యంగా. 250 ఏళ్లు దాటిన చెట్టు అంటారు. 1864, 1867 తుపాన్లలో పెద్ద కొమ్మలు విరిగాయి, విరిగిన చోట బూజు పట్టింది. కుళ్లు పాకుతూపోతుంటే తక్కిన చెట్టుని బతికించడానికి 1925లో అసలు మొదలునే తీసేశారు. చుట్టుకొలత 15 మీటర్లకు పైబడిన మొదలు అది. ఇప్పుడు 3,500కు పైగా ఊడల మీద దాదాపు రెండు హెక్టార్ల నీడ నిలబడి ఉంది. దగ్గరికెళ్లి చూస్తే ఊడల్లో అన్ని వయసులూ కనిపిస్తాయి. కొన్ని తాటిమాను లావున నేలలో పాతుకుపోయి, ఇదో వేరే చెట్టేమో అనిపిస్తాయి. కొన్ని ఇంకా పురికొస లావున గాలిలో వేలాడుతుంటాయి, నేల అందలేదు. చెట్టు చుట్టూ ఒకప్పుడు 330 మీటర్ల బాట వేశారు. చెట్టు దాన్నీ దాటి బయటికి పోయింది. చాలాకాలం ప్రేమించిన చోటు కూడా ఇలాగే ఉంటుందని మరదలి వాదం. ఫలానా రోజు, ఫలానా మనిషి అని చూపించడానికి దానికి ఒక మొదలంటూ ఉండదు. ఒక ఊడ ఎండితే చెట్టు పడిపోదు. కాని దీనికో మినహాయింపు ఒప్పుకోవాలి. నిన్నగాక మొన్న కనిపెట్టిన చోటుకి ఇన్ని ఊడలుండవు. కొత్త చోటూ కొత్త మనిషీ ఒకేసారి మొదలైతే, వదిన భయం అక్షరాలా నిజమవుతుంది.

వదిన: చెట్టు కథ మీ ఇద్దరూ చెప్పారు, అదే తోటలో మనుషుల కథ నేను చెప్తా విను. నథానియల్ వాలిచ్ అనే డెన్మార్క్ ఆయన దాదాపు ముప్పై ఏళ్లు ఆ తోటకి పెద్ద. నీడబాటలు, చెట్ల వరసలు తన కంటికి నచ్చినట్టు పెంచుకున్నాడు. 1842లో ఒంట్లో బాగాలేక దక్షిణాఫ్రికాలోని కేప్‌కి వెళ్తే, విలియం గ్రిఫిత్ అనే కుర్రాడు తాత్కాలికంగా వచ్చి కూర్చున్నాడు. గొప్ప పండితుడే, కాదనను. తోట అందానికి కాదు, శాస్త్రానికి అన్నాడు. మొక్కల్ని కుటుంబాల వారీగా సర్దాలని పాత వరసలు కొట్టించేశాడు. వాలిచ్ తిరిగొచ్చేసరికి తన నీడ లేదు. 1848లో వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ వచ్చి చూసి, ఎంత తోటని ఏం చేశారని వాపోయాడు. ఇద్దరూ ఆ తోటని ప్రేమించినవాళ్లే, అదీ చిత్రం. నీ అబ్బాయి గొడ్డలి తీసుకురాడులే. కూర్చోడానికి సరైన కుర్చీల్లేవేంటి అంటాడు, టీ దొరకదా అంటాడు, చెరువులో నాచు చూసి మొహం అదోలా పెడతాడు. అంతవరకూ నీ కంటికి ఆననే లేదు ఆ నాచు. ఆ రోజు నుంచి అదే కనిపిస్తుంది.

మరదలు: వాలిచ్ గ్రిఫిత్‌కి తోట చూపించలేదు వదినా, తాళాలప్పగించాడు. రెండింటికీ చాలా దూరం ఉంది. ఇంకోటి, నువ్వు కాపాడమంటున్న ఆ పాత రూపం ఎవరిది? 1864 తుపానుకి సగం చెట్లు పోయాయి. 1871లో జార్జ్ కింగ్ తోటకి పెద్దగా వచ్చి చెరువులు తవ్వించి, బాటలు వేయించి తిరిగి దిద్దాడు. ఈరోజు మనం ఇది మన చిన్నప్పటి గార్డెన్ అని మురిసిపోయేదంతా చాలావరకు ఆయన మార్చినదే. 2020 మే నెలలో ఆంఫన్ తుపాను వచ్చి మళ్లీ ఎన్ని చెట్లను కూల్చిందో చూశాం. ఏ ఒక్కరి కంటికో సరిపోయేట్టు ఆ చోటు ఎప్పుడూ నిలిచిలేదు. నాచు కనపడటమంటావా, కనపడనీ. నాచు కనపడితే పోయే ఇష్టం ఏపాటి ఇష్టం? చోటు చూపించడంలో లాభం కూడా ఉంది. 1974లో డటన్, ఆరన్ కెనడాలో ఊగే కాపిలానో తాళ్లవంతెన మీద ఒక ప్రయోగం చేశారు. వంతెన మీద ఒకమ్మాయి మగవాళ్లను ప్రశ్నలడిగి ఫోన్ నంబరిచ్చింది. ఊగే వంతెన దాటినవాళ్లలో నంబరు తీసుకున్న 18 మందిలో 9 మంది ఫోన్ చేశారు. గట్టి వంతెన దాటినవాళ్లలో 16 మందికి ఇద్దరే. కాళ్ల కింది చోటు మనిషి మీది ఇష్టంలోకి పాకుతుందనే కదా?

వదిన: పద్దెనిమిది మందిని లెక్కపెట్టి పెళ్లిళ్లు కుదురుస్తారా మీవాళ్లు? హౌరా బ్రిడ్జి మీద రోజూ లక్షల మంది నడుస్తున్నారు, ఈపాటికి ఊరంతా ఒకరినొకరు ప్రేమించేసి ఉండాలి. పోనీ నిజమే అనుకుందాం. ఆ వంతెన అవతలి మనిషికి కొత్త, గుండె దడదడలాడింది. నీకు గార్డెన్ కొత్తా? కొత్తంతా అతనికే. నువ్వు గైడువి, అతను టూరిస్టు. ఇది ఫలానా, ఇది ఫలానా అని నువ్వు చెప్పుకుపోతుంటే అతను తలూపుతుంటాడు. ఆ తలూపుల్ని లెక్కపెట్టుకుంటూ నువ్వు మార్కులేస్తుంటావు. మర్రి కింద నిలబడి ఫోన్ చూసుకున్నాడంటే సున్నా.

మార్కుల సంగతిలో వదిన గురి తప్పలేదు. ప్రాణమైన చోటుకి తీసుకెళ్లడంలో చాలామంది దాచుకునే ఉద్దేశం అదే: నేను మెచ్చినదాన్ని మెచ్చాడా లేదా, మెచ్చితే నావాడు. చోటు ఇలాంటి పరీక్ష పెట్టడానికి బొత్తిగా పనికిరాదు. మే నెల మధ్యాహ్నం శిబ్‌పూర్ ఉక్కలో ఏ మహాకవికైనా మర్రి మీద కన్నా మంచినీళ్ల సీసా మీదే ధ్యాస. వానాకాలం దోమలకు ప్రేమికులని కనికరం ఉండదు. మొదటి చూపులో నిశ్శబ్దంగా ఉండిపోయినవాడు విసుగెత్తి ఉన్నాడో, కదిలిపోయి ఉన్నాడో ఎవరికి తెలుస్తుంది? తొందరపడేవాళ్లు ఆ గార్డెన్‌లోనే ఉన్న జంటకొబ్బరి సంగతి తెలుసుకోవాలి. సీషెల్స్ దీవుల ఆ చెట్టుని ఇక్కడ నాటింది 1894లో. ఆడచెట్టు, తోడు మగచెట్టు దగ్గరలో ఎక్కడా లేదు. చివరికి థాయ్‌లాండ్ నుంచి పుప్పొడి తెప్పించి 2013లో సంపర్కం చేయిస్తేగాని కాయ కట్టలేదు. ఒక్క ఆదివారంలో తేలాలనుకోవడం మన అత్యాశ.

వదిన: పరీక్ష మానేస్తావే అనుకుందాం. అసలు 270 ఎకరాల్లో, చీకటి పడే వేళ, కొత్తవాడితో ఒక్కదానివీ తిరుగుతానంటే ఇంట్లో ఎవరైనా సరేనంటారా? దానికి నీ ప్రయోగాలేం జవాబు చెప్తాయి?

మరదలు: ప్రయోగాలు అక్కర్లేదు దానికి. ఏ గేటు దగ్గర జనం ఉంటారో, ఏ బాట మూడింటికే నిర్మానుష్యమవుతుందో, కాపలావాళ్లు ఎప్పుడు ఈలవేసి బయటికి పంపిస్తారో నాకు తెలుసు, అతనికి తెలీదు. కొత్త మనిషితో ఆడపిల్ల వెళ్లదగ్గ చోటు ఏదన్నా ఉందంటే, తనకి దారులు తెలిసిన, పదిమంది తిరిగే, పగటిపూట చోటే. అతని స్నేహితుడి గదికో, ఊరవతల ధాబాకో వెళ్లేకంటే ఇది నయమా కాదా నువ్వే చెప్పు. అదీగాక జంటలు కూర్చోడానికి ఈ దేశంలో పార్కులు తప్ప ఏమున్నాయి వదినా? ఆ పార్కుల్లోనూ కూర్చోనివ్వరు.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే చోటు నాది, నేను దాచుకుంటాను అన్న వాదం అసలు బలహీనత ఇక్కడే బయటపడుతుంది. 2021 ఆగస్టులో హైదరాబాదు ఇందిరా పార్కు గేటుకి పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానరు కట్టారు. మీద పార్కు యాజమాన్యం పేరు కూడా ఉంది. ప్రజల సొమ్ముతో నడిచే తోటలో నడవడానికి మంగళసూత్రం చూపించాలా అని నలుగురూ నిలదీసేసరికి నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ దాన్ని తీయించింది. అంతకు మూడేళ్ల ముందు, 2018 ఏప్రిల్ చివర్లో, కోల్‌కతా మెట్రోలో ఒక జంట దగ్గరగా నిలబడిందని సాటి ప్రయాణికులే దమ్‌దమ్ స్టేషన్లో దింపి కొట్టారు. తర్వాత ఆ ఊరి యువతీయువకులు స్టేషన్ బయట ఒకరినొకరు కౌగిలించుకుని నిరసన తెలిపారు. ఏటా ఫిబ్రవరి 14న పార్కుల్లో దొరికిన జంటలకు అక్కడికక్కడే పెళ్లి చేస్తామని కర్రలు పట్టుకుని తిరిగే బృందాలు మన ఊళ్లకు కొత్త కాదు. బ్యానరు కట్టినవాడికీ, కర్ర పట్టుకున్నవాడికీ ఉన్న నమ్మకం ఒక్కటే: ఈ తోట మా ఇష్టప్రకారం ఉండాలి. చోటుని గుండెల్లో పెట్టుకున్న సున్నిత మనస్కుడిది అంత మోటు నమ్మకం కాదు, నిజమే. అయినా ఆ తోటలో నా బెంచీ, నా నీడ అనుకునేటప్పుడు అతనూ అదే గీత చిన్న అక్షరాల్లో గీస్తున్నాడు. బి. గార్డెన్‌కి కంపెనీ టేకు కోసం, మసాలా దినుసుల కోసం వచ్చింది. శాస్త్రజ్ఞులు ఎండుమొక్కల నమూనాల కోసం వచ్చారు. ఇప్పుడు పొద్దున నడకవాళ్లూ, పిక్నిక్ పిల్లలూ, జంటలూ వస్తున్నారు. వీళ్లెవరి రాకతోనూ ఇంకొకరి గార్డెన్ తరిగిపోలేదు. బహిరంగ స్థలాన్ని ప్రేమించడమంటే దాన్ని ఇతరులు కూడా ప్రేమిస్తారని ముందే ఒప్పుకోవడం. వాళ్లలో మన మనిషి ఒక్కడే కూడదనడానికి కారణం కనపడదు.

వదిన: ప్రేమిస్తే సరే. పేర్లు చెక్కితే? పాలమూరు పిల్లలమర్రి పాట్లు చూశాం కదా. 2017 చివర్లో కొమ్మ విరిగిపడి జనాన్ని రానివ్వడం ఆపేశారు, చెదలు చంపడానికి ఆస్పత్రిలో రోగికి పెట్టినట్టు సెలైన్ బుడ్లతో మందెక్కించారు.

మరదలు: చెక్కేవాడైతే గేటు దగ్గరే టాటా చెప్పేస్తా. ఇందులో నీతో వాదం లేదు.

వదిన: అయితే నా చివరి మాట విను, దీనికి మాత్రం తేలిగ్గా జవాబు చెప్పలేవు. నదికి ఆ ఒడ్డున, మీ గార్డెన్‌కి ఎదురుగా ఉన్న గార్డెన్ రీచ్‌లో సర్ విలియం జోన్స్‌కి ఇల్లుండేది. అశోకచెట్టుకి రాక్స్‌బర్గ్ ఆయన పేరే పెట్టాడు. శాకుంతలాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1789లో కలకత్తాలో అచ్చు వేయించింది ఆయనే. ఆ కథ నీ ప్రశ్నే కదా! శకుంతలకు తన తోట ప్రాణం. మొక్కలకు పోసిగాని తను నీళ్లు తాగదు. మల్లెతీగకి వనజ్యోత్స్న అని పేరు పెట్టుకుంది. కొత్తవాడు నేరుగా ఆ తోటలోకే వచ్చాడు. ఆమె చెట్లు చూశాడు, తీగ పేరు తెలుసుకున్నాడు, చెలికత్తెల పరాచికాలు చాటునుంచి విన్నాడు. ఆమెకి సంబంధించినదంతా అతనికి తెలుసు. మరి అతని చోటు ఆమె ఎప్పుడు చూసింది? కడుపుతో సభకి వెళ్లిన రోజు, మొదటిసారి. అక్కడ ఏ స్తంభమూ ఆమెకి తెలీదు, ఏ మనిషీ తెలీదు. నా తోటలో, తామరాకు దొన్నెలో నీళ్లు పట్టి లేడిపిల్లకి ఇచ్చావు, నీ చేతి నీళ్లు అది తాగలేదు, నేనిస్తే తాగింది అని గుర్తుచేస్తే అతను కొట్టిపారేశాడు. శాపం అంటావు. శాపం లేకపోయినా ఆ సభలో ఆమెకి కాలు మోపే నేల లేదే తల్లీ. తన చోటు మొత్తం చూపించేసింది, అతని చోటు అరంగుళం కూడా అడగలేదు.

మరదలు: అంటే తీసుకెళ్లొద్దని కాదు కదా నువ్వంటున్నది?

వదిన: ఇంతసేపు వద్దనే అన్నాను. ఇప్పుడు ఒక మెట్టు దిగుతున్నా. తీసుకెళ్లు. కాని నీ వంతు అయ్యాక అతని వంతు రావాలి. నువ్వు గైడువి, అతను టూరిస్టు అని ఇందాక దెప్పాను చూడు, దానికి మందు అదొక్కటే. వచ్చే ఆదివారం అతను గైడు కావాలి, నువ్వు నోరుమూసుకుని అతని వెనకాల నడవాలి. తన చోటు అంటూ ఒకటుందని చెప్పలేనివాడైతే, లేక ఉన్నా చూపించడానికి మొహమాటపడేవాడైతే, గార్డెన్‌లో అతను ఎంత బాగా తలూపినా నాకు నమ్మకం లేదు.

ఇదీ నేను ముందు చెప్పిన అసలు మాట. చోటు పంచుకుంటే పోతుందన్న భయానికి మరదలు చెప్పిన సమాధానాలు చాలు: పాత చోటు ఒక కొత్త జ్ఞాపకానికి లొంగదు, మారిపోతుందన్న చోటు ఎప్పుడూ మారుతూనే ఉంది, పదిమంది చోటు మన ఒక్కరిదీ కాదు. నిజమైన ప్రమాదం ఒకవైపే చూపించుకోవడంలో ఉంది. చూపించేవాళ్లు ఎప్పుడూ కాస్త బయటపడి ఉంటారు, చూసేవాళ్లు ఎప్పుడూ కాస్త భద్రంగా. మన ఇళ్లలో ఇది ఎక్కువగా ఆడపిల్ల వంతవుతుంది. తన ఊరూ, తన వీధీ, తన చెట్లూ వదిలి అతని ఊరికి వెళ్లేది ఆమే కనుక. ఆ లెక్కన చూస్తే పెళ్లికి ముందు ఒక ఆదివారం అతన్ని తన చోటుకి రప్పించుకోవడం సరదా కంటే పెద్ద పనే. అతని చోటుకి తనూ ముందే వెళ్లి చూసుకోవడం అంతకంటే పెద్ద పని.

మరదలు: అతని చోటు నాకు తెలుసు వదినా. సంత్రాగాచి చెరువు. చలికాలం వేల బాతులు దిగుతాయి కదా, ఆ గట్టున గంటలు గంటలు కూర్చుంటాడట.

వదిన: సంత్రాగాచి చెరువా? గుర్రపుడెక్కా, చెత్తా, పక్కనే రైళ్ల రొదా! అదేం చోటే, మనిషన్నవాడు ప్రేమించడానికి?

మరదలు: చూశావా, మార్కులెయ్యడం మొదలుపెట్టింది నువ్వే.